సార్జంటు అసలు చావు

ఎకువా తన తమ్ముడు కొబినాని ఎండుచేపల బుట్టతో కేప్ కోస్ట్ సంతకి పంపింది. వారం తరవాత వాడు బుట్ట లేకుండా, బూట్లతో తిరిగొచ్చాడు.

“చేపలేవిరా?” అంది ఎకువా గుమ్మంలోనే నిలబెట్టి.

“అమ్మేశాను.”

“డబ్బులు?”

“ఖర్చయిపోయాయి.”

“బుట్ట?”

“అక్కా, నేను సైన్యంలో చేరాను.”

“నేనడుగుతున్నది బుట్ట సంగతి!”

జరిగింది ఏమిటంటే, సంతలో బాకాలూ డప్పులతో తెల్లదొరల బాజా ఒకటి వెళుతోంది. కొబినా బుట్ట నెత్తిన పెట్టుకునే దాని వెనకాల నడిచాడు. బాజా ఆగినచోట ఒక బల్ల ఉంది, బల్ల వెనక ఒక దొర ఉన్నాడు. దొర వాడి పళ్ళు చూశాడు, ఛాతీ కొలిపించాడు, వేలిముద్ర వేయించుకున్నాడు. బాకా ఇస్తారేమోనని కొబినా ఆశ. బూట్లు ఇచ్చారు. మర్నాటి నుంచి ఎడమ, కుడి అని అరుస్తూ ఎండలో తిప్పారు. ఈ తిప్పుడు యుద్ధం కోసమని నాలుగు రోజుల దాకా వాడికి తెలియలేదు. తెలిశాక సెలవడిగి ఇంటికొచ్చాడు, అక్కకి చెప్పి పోదామని.

“ఎవరితోరా యుద్ధం?” అంది ఎకువా.

“చెప్పలేదు.”

“నువ్వు అడగలేదూ?”

“అడిగితే ఆ పూట అన్నం పెట్టరు.”

ఆవిడ వాణ్ణి తిట్టింది, పులిసిన మొక్కజొన్న పిండితో చేసి అరటాకులో చుట్టిన వేడి కెంకే ముద్దలు మూట కట్టి ఇచ్చింది, లారీ కనుమరుగయ్యేదాకా రోడ్డు మీదే నిలబడింది. వాళ్ళమ్మ పోయాక కొబినాని పెంచింది ఎకువాయే. ఆవిడ కెంకే అమ్మి బతికేది. వాడు ఆ కెంకే తిని పెరిగాడు, పెళ్ళి చేసుకున్నాడు. అంతకు మించి వాడు చేసిన పనేదీ అప్పటిదాకా ఎవరికీ గుర్తు లేదు.

ఓడ ఎక్కించి కొబినాని బర్మా తీసుకెళ్ళారు. అక్కడ వాడు మొదట సామాన్లు మోశాడు. కొండలెక్కి, వాగులు దాటి, నెత్తిన ఫిరంగి గుళ్ళ పెట్టెతో నడిచాడు. తరవాత తుపాకీ ఇచ్చారు. ఆ తరవాత, గొంతు పెద్దదని సార్జంటుని చేశారు. వాడు కేకేస్తే వాగు అవతలి గట్టున ఉన్నవాళ్ళు కూడా లేచి నిలబడేవారట. ఈ మాట చెప్పింది వాడే కాబట్టి నమ్మడం నమ్మకపోవడం వినేవాళ్ళ ఇష్టం. వాడి పెళ్ళాం ఆరబా రెండేళ్ళు ఎదురుచూసింది. మొగుడు పోయాడని ఎవరో చెప్పారు. ఆవిడ ఏడవవలసినంత ఏడ్చి, సెకొండీలో రైల్వే గుమాస్తాని చేసుకుని వెళ్ళిపోయింది.

యుద్ధం ముగిసిన మరుసటేడు సార్జంటు దిగాడు. భుజాన మూడు పట్టీలు, చేతిలో రేకుపెట్టె, ఒంట్లో జ్వరం. అక్క కన్నీళ్ళు తుడుచుకోకముందే, “ఆరబా ఏదీ?” అన్నాడు. చెప్పింది. వాడు రేకుపెట్టె అక్కడే వదిలి సెకొండీ లారీ ఎక్కాడు. గుమాస్తాని చంపేసి వస్తాడని ఊరంతా రెండు రోజులు నిద్రపోలేదు. మూడో రోజు కడుపు నిమురుకుంటూ దిగాడు.

“ఏం చేశావురా?” అంది ఎకువా.

“మంచివాడక్కా. ఫుఫూ పెట్టాడు. రెండోసారి వడ్డించాడు కూడాను.”

ఆ తరవాత ఆరబా పేరు వాడి నోట రాలేదు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే మాత్రం లేచి బయటికి పోయేవాడు.

సైన్యం ఇచ్చిన డబ్బుతో తోటివాళ్ళు సైకిళ్ళు కొన్నారు, గ్రామఫోన్లు కొన్నారు. సార్జంటు ఊరి చివర ఇసక దిబ్బ కొన్నాడు. మేకలు కూడా మొహం చూడని దిబ్బ అది. దానిమీద కొబ్బరి మొక్కలు నాటాడు, తాడు పట్టి, వరసలు తీసి, పరేడులో నిలబెట్టినట్టు. నీళ్ళు భుజాన మోశాడు. చెట్లు ఎదిగాక వాటికి హోదాలిచ్చాడు. ముందు వరస కార్పొరళ్ళు. వెనక వరసలు సిపాయిలు. పొద్దున్నే పాత టోపీ పెట్టుకుని తనిఖీకి వెళ్ళేవాడు. కాపు సరిగా కాయని చెట్టుకి పట్టీ ఊడేది. ఒకసారి రెండో వరసలో ఏడు చెట్లకి ఒకేసారి హోదా తగ్గించి, రోజంతా బాధపడ్డాడు.

మూలన ఉన్న ఒక చెట్టుకి మాత్రం హోదా లేదు. దాని పేరు ఇసాకా. ఆ చెట్టు కాయలు వాడు ఎప్పుడూ దింపలేదు. ఎండి వాటంతటవే రాలేవి. ఇసాకా ఎవరని ఎకువా ఒకసారి అడిగింది. “ఉత్తరాది వాడు. పెట్టెకి ఆ కొస నేను పట్టుకుంటే ఈ కొస వాడు పట్టుకునేవాడు. వాగులో పోయాడు,” అని చెప్పి, తోట కంచె బాగా లేదని ఎవర్నో తిట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

తోట కాపుకొచ్చాక ఊరివాళ్ళ నవ్వులు ఆగిపోయాయి. దిబ్బ కాస్తా బంగారమయింది. దాంతోపాటు ఒక ప్రశ్న కూడా పుట్టింది: సార్జంటు తరవాత ఈ తోట ఎవరిది?

మా వైపు మేనమామ ఆస్తి మేనల్లుడికే. అంటే ఎకువా కొడుకు ఫీఫీకి. ఫీఫీ లారీ నడుపుతాడు. పేరుకి లారీ గానీ, నడిచేదానికంటే దానికింద వాడు పడుకునేదే ఎక్కువ. తోట చేతికొస్తే కొత్త లారీ కొంటానని, దానికి ఏ రంగు వెయ్యాలో కూడా అనుకుని ఉన్నాడు. అయితే స్వంత చెమటతో సంపాదించినదాన్ని మనిషి తనకిష్టమైన వాళ్ళకి ఇచ్చుకోవచ్చు. చచ్చేముందు సాక్షుల ఎదట నోటితో చెప్పాలి. అందుకున్నవాడు కృతజ్ఞతగా ఒక జిన్ను సీసా ఇవ్వాలి. అందరూ తలో గుక్కా తాగితే ఆ మాట గట్టిపడుతుంది. చెప్పినవాడు చావకపోతే ఏం చెయ్యాలో మాత్రం పెద్దలెవరూ చెప్పి పోలేదు.

ఏటా ఉత్తరాన్నించి ఎండుగాలి దుమ్ము లేపుకుంటూ వచ్చినప్పుడల్లా సార్జంటుకి బర్మా జ్వరం తిరగబెట్టేది. మొదటిసారి నిజంగానే మీదికొచ్చింది. ఊరంతా కదిలింది. ఆ ఇంటివాళ్ళు తాజా చేపల పులుసు తెచ్చారు, ఈ ఇంటివాళ్ళు కోడి తెచ్చారు. సార్జంటు వణుకుతూ సాక్షుల్ని పిలిపించి, “తోట ఫీఫీకి,” అన్నాడు. ఫీఫీ ఏడ్చి, సీసా ఇచ్చాడు. అందరూ తాగారు. రెండు రోజులకి సార్జంటు లేచి కూర్చుని, “ఇంకొంచెం పులుసుందా?” అన్నాడు.

ఆ పులుసు రుచి వాడు మరిచిపోలేదు.

మరుసటేడు జ్వరం అంత గట్టిది కాదు గానీ మూలుగు గట్టిది. అప్పుడు తోటని మంగలి పెయింట్సిల్‌కి ఇచ్చాడు, రోజూ ఊరికే గడ్డం గీస్తాడని. ఆ పై ఏడు చర్చికి, కొత్త హార్మోనియం కొనుక్కోమని. దానికి పాస్టరుగారు గుడ్లు పంపారు. నాలుగోసారి, పండగలకి జెండాలెగరేసి తుపాకులు పేల్చే ఊరి జెండా దళానికి ఇచ్చాడు. వాళ్ళు కృతజ్ఞత పట్టలేక కిటికీ కింద రెండు రోజులు డప్పులు వాయించారు. మూడో రోజు సార్జంటు ఆ మోత భరించలేక లేచి తోటకి పోయాడు.

“ఒరేయ్ కొబినా,” అంది ఎకువా ఒళ్ళు మండి, “చచ్చేవాడివైతే చావు. లేకపోతే లేచి కాయలు దింపించు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ నేను పీటలు వెయ్యలేక చస్తున్నాను.”

“నువ్వు చస్తే పులుసెవరు తెస్తారక్కా, నీకంత పేరు లేదు,” అన్నాడు వాడు.

పెయింట్సిల్ కొట్టు పక్కనే ఎకువా కెంకే బుట్ట. అందుకని ఆ కొట్లో జరిగే ప్రతి వాదనా ఆవిడ చెవిన పడేది. ఒకరోజు సార్జంటు మొహానికి సబ్బు రాయించుకుని యథాప్రకారం బర్మా వాన గురించి చెబుతున్నాడు. మంగలి కత్తి పైకెత్తి, “ఇంతకీ సార్జంటు గారూ, బర్మా ఎటేపు?” అన్నాడు.

సార్జంటు నోరు తెరిచాడు. సముద్రం వైపు వేలు పెట్టాడు. మళ్ళీ తీశాడు.

“ఓడెక్కి వెళ్ళాం. కాబట్టి అటే.”

“మా బావమరిది లాగోస్ అవతల అన్నాడే?”

“నీ బావమరిది వెళ్ళాడా, నేను వెళ్ళానా?”

“మీరు వెళ్ళారు గనకనే అడుగుతున్నాను. రెండేళ్ళున్న ఊరు ఎక్కడుందో తెలీదంటే ఎట్లా?”

“ఓడ అడుగున పెట్టి తీసుకెళ్తే దిక్కులెట్లా తెలుస్తాయిరా! నువ్వు గొరుగు!”

ఆ మధ్యాహ్నానికి ఊరు రెండుగా చీలింది. సముద్రం దిక్కని కొందరు, లాగోస్ దిక్కని కొందరు. చిన్నక్లాసుల పిల్లలకి వాళ్ళ పంతులు బర్మా జపానులో ఒక ఊరని చెప్పాడని తెలిసి సార్జంటు చిందులు తొక్కాడు. చివరికి తగువు మెథడిస్టు బడి పెద్దపంతులు డాడ్జీ మాస్టారి దగ్గరికి పోయింది. ఎకువా కూడా బుట్ట పక్కింటావిడకి అప్పగించి వెళ్ళింది.

డాడ్జీ మాస్టారు సన్నగా, పొడుగ్గా, ఎండలోనూ నీడలోనూ గొడుగుతోనే ఉండే మనిషి. బళ్ళో పటం లేదు. ఉన్న ఒక్కటీ చెదలు తినేసింది. ఆయన సార్జంటు తెచ్చిన కొబ్బరికాయే తీసుకుని దానిమీద బొగ్గుతో గీశారు. “ఇది మనం. ఇది సముద్రం. ఇట్లా కిందికి పోయి, ఇట్లా మలుపు తిరిగి, ఇది ఇండియా. ఇదిగో, ఇక్కడ బర్మా.”

సార్జంటు కాయని తిప్పి చూశాడు. బర్మా కాయకి దాదాపు అవతలి వైపు ఉంది.

“ఇంత దూరం పోయానా నేను?”

“పోయారు.”

“మరి కిందికి జారిపోలేదే?”

“ఎవరూ జారరు.”

సార్జంటు బొగ్గు గీత మీద వేలు పెట్టి బర్మా దాకా నడిపించాడు. తరవాత, “మాస్టారూ, ఇది ఎవరన్నా నాకు ఓడ ఎక్కకముందు చెప్పి ఉంటే, భయం కొంచెం తగ్గి ఉండేది,” అన్నాడు. తమ్ముడి నోట భయమనే మాట ఎకువా వినడం అదే మొదలు. ఆవిడ మొహం తిప్పుకుంది.

“చెప్పడానికి పంతుళ్ళేరీ?” అన్నారు డాడ్జీ. “మూడు క్లాసులకి నేనొక్కణ్ణి. చిన్నక్లాసులకి ఒక కుర్రాడు, వాడూ ఏమీ చదువుకోలేదు పాపం. మంచివాళ్ళందరూ బంగారం గనుల్లో గుమాస్తాలుగా పోతున్నారు. పంతుళ్ళని తయారుచేసే కాలేజీ ఈ చుట్టుపక్కల లేదు. స్థలం చూపిస్తే చూస్తామంటున్నారు సర్కారువాళ్ళు. రాజుగారి భూమంతా కోర్టులో ఉంది. ఈ ఊళ్ళో తగాదా లేని నేల ఒకటే ఒకటి.”

“ఏది?”

“మీ దిబ్బ.”

సార్జంటు గుండె మీద కొట్టినట్టు వెనక్కి తగ్గాడు. “ఏమిటి మాస్టారూ! ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి పట్టుకుని ఆస్తి అడుగుతారా?”

“జబ్బులో అడిగితే మీరు ఇచ్చేస్తారు. బాగయ్యాక వెనక్కి తీసుకుంటారు. అందుకని ముందే అడుగుతున్నాను.”

జనం గొల్లుమన్నారు. సార్జంటు కాయ చంకలో పెట్టుకుని చరచరా వెళ్ళిపోయాడు. “మరి నా ప్లటూను ఎక్కడికి పోవాలి?” అని దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

కానీ ఆ తరవాత ఎకువా కొన్ని సంగతులు కనిపెట్టింది. వాడు తోటలో ఊరికే నడవడం లేదు. అడుగులు కొలుచుకుంటూ నడుస్తున్నాడు. మడమతో ఇసకలో గీతలు గీస్తున్నాడు. ఒకనాడు పళ్ళెం ముందు కూర్చుని, అన్నం మానేసి, “అక్కా, పదిమంది పడుకోడానికి ఎంత గది కావాలి?” అన్నాడు.

“ఎవరు పడుకోడానికి?”

“ఎవరో పదిమంది.”

“మొగాళ్ళా, ఆడాళ్ళా?”

వాడు ఆలోచించాడు. “ఆడవాళ్ళు కూడా వస్తారంటావా?”

“పంతులమ్మ కావడానికి మీసాలు కావాలా?” అంది ఎకువా. అనేశాక, తను ఏ సంగతి మాట్లాడుతోందో అప్పుడు తట్టి నాలిక కరుచుకుంది. ఎదురుగా అరుగు మీద ఫీఫీ లారీ రంగు డబ్బాల ధరలు ఎవరితోనో చెబుతున్నాడు.

ఆ ఏడు ఎండుగాలి తొందరగా వచ్చింది. సార్జంటు మంచం ఎక్కాడు. ఊళ్ళో కబురు తెలిసింది. ఎవరూ కదలలేదు. పులుసు రాలేదు, గుడ్లు రాలేదు. “ఈసారి ఎవరికిస్తున్నాడట?” అని పెయింట్సిల్ నవ్వుతూ గొరిగాడు. డాడ్జీ మాస్టారు ఏదో సభకి కుమాసీ వెళ్ళి ఉన్నారు.

ఎకువా కూడా గుమ్మంలోంచే, “లేరా, ఈసారి ఎవరూ రారు, పులుసు లేదు,” అంది. వాడు మూలగలేదు. అదే ఆవిడకి వింతగా తోచింది. మూలుగు లేకుండా వాడు జబ్బుపడిన రోజు లేదు. దగ్గరికెళ్ళి ఛాతీ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మళ్ళీ తియ్యబుద్ధి కాలేదు.

అప్పుడే వాళ్ళ కుటుంబ పెద్ద, మేనమామ ఒటూ, ముక్కుపొడుం అడగడానికి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆయనకి చెవులు బాగా తగ్గాయి. సార్జంటు కళ్ళు తెరిచాడు.

“అక్కా, ఒటూ మావని కూర్చోబెట్టు. చెప్పాలి.”

“మళ్ళీనా?”

“మళ్ళీనే. తోట కాలేజీకి. ఇసాకా చెట్టు ముట్టుకోకూడదు. మిగతావాళ్ళు అడ్డొస్తే కొట్టెయ్యమను... కొట్టెయ్యడం కాదు. సెలవిచ్చి పంపించమను. మర్యాదగా.”

ఒటూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏమంటున్నాడూ?” అన్నాడు.

“కాలేజీకంట, మావా!” అని అరిచింది ఎకువా. తరవాత తమ్ముడి వైపు తిరిగి గొంతు తగ్గించింది. “ఒరేయ్, ఆ కాలేజీ ఎక్కడుందిరా? ఒక గోడన్నా లేదు. పుచ్చుకునేవాడు లేడు, సీసా ఇచ్చేవాడు లేడు. సీసా లేకపోతే మాట నిలవదు. నా తప్పు కాదు మరి.”

“నువ్వివ్వు.”

“నేనా?”

“పుచ్చుకునేవాళ్ళ తరఫున నువ్వివ్వు.”

“నా కొడుకు నోటి దగ్గర కూడు నా చేత్తో తియ్యమంటావుట్రా?”

సార్జంటు కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. “ఫీఫీకి తోటిస్తే లారీ కొంటాడు. అది రెండేళ్ళకి ఆగిపోతుంది. మళ్ళీ దానికింద పడుకుంటాడు. నీకూ తెలుసు.” తరవాత మొహంలో ఏదో నవ్వు లాంటిది వచ్చింది. “నీ ఎండుచేపలకి బదులు అనుకో.”

“అవేనా నీకిప్పుడు గుర్తొచ్చింది!” అంది ఎకువా. ఏడుపు ఆపుకుని పైట దులుపుకుని లేచింది.

కొట్టుకి పోయే దారిలోనే లారీ ఉంది. దానికింద నుంచి రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. అడుగుల చప్పుడు విని ఫీఫీ బుర్ర బయటికి పెట్టాడు, మొహమంతా నూనె.

“ఎక్కడికమ్మా ఎండలో?”

“మావయ్యకి బాగాలేదు.”

“మళ్ళీనా!” అని నవ్వాడు ఫీఫీ. “ఈసారి ఎవరికంట?”

ఒక్క మాట చెబితే చాలు. వాడు లేచి పరిగెత్తేవాడు, మామ కాళ్ళు పట్టుకునేవాడు, ఏం జరిగి ఉండేదో. ఎకువా నిలబడి కొడుకు మొహం చూసింది. వాడి నుదుటి మీద నూనె మరకని వేలితో తుడిచింది. “పని చూసుకో,” అని ముందుకి నడిచింది. నాలుగడుగులు వేశాక, “సాయంత్రం ఇంటికి రా, మావయ్యని చూద్దువు గాని,” అని వెనక్కి తిరగకుండానే కేకేసింది.

కొట్లో మంచి జిన్నుకీ మామూలు జిన్నుకీ మధ్య ఆవిడ ఎంతో సేపు ఆలోచించలేదు. మంచిదే కొంది. ఇంటికొచ్చి మూత తీసి, పెద్దల కోసం నాలుగు చుక్కలు నేల మీద పోసి, “కాలేజీ తరఫున కృతజ్ఞతలు,” అంది. ఆ మాట అంటుంటే ఆవిడకే నవ్వొచ్చింది. ఒటూ మావ తన వంతు తాగి, ఇంకో వంతు కూడా తాగాడు. సార్జంటు పెదాలు తడుపుకున్నాడు.

“ఇది అసలు సరుకక్కా. ఫీఫీ మొదటిసారి ఇచ్చిందాంట్లో సగం నీళ్ళే.”

“నీకు తెలుసా?”

“తాగేవాడికి తెలీదూ?”

ఎండ కాస్త వాలేసరికి వాడు పోయాడు. ఎకువా కేకకి మొదట ఎవరూ రాలేదు, నిజం కాదనుకుని. రెండో కేకకి పెయింట్సిల్ కత్తి చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. వచ్చి చూసి, అక్కడే కూలబడి, అందరికంటే పెద్దగా ఏడ్చాడు.

అంత్యక్రియలు ఘనంగా జరిగాయి. జెండా దళం తుపాకులు పేల్చింది. నలభయ్యోనాడు ఒటూ మావ ఇంటి ముందు అందరూ చేరారు. తోట మాది అని ఫీఫీ, నాది అని పెయింట్సిల్, దేవుడిదని చర్చి పెద్ద, దళానిదని దళపతి. నలుగురికీ సాక్షులున్నారు, నలుగురి సీసాలూ ఖాళీ అయ్యాయి. గొంతులు లేచాయి. డాడ్జీ మాస్టారు ఓ మూల గొడుగు మూసుకుని నిలబడ్డారు. ఆయనకి ఏ సంగతీ తెలియదు.

ఎకువా లేచింది. “తరవాతి మాట ముందు మాటని కొట్టేస్తుందా, కొట్టెయ్యదా?” అంది.

కొట్టేస్తుందని నలుగురూ ఒప్పుకున్నారు. దళపతి అందరికంటే గట్టిగా ఒప్పుకున్నాడు, తనదే చివరిదని. ఎకువా జరిగింది జరిగినట్టు చెప్పింది.

“సీసా ఎవరిచ్చారు?” అన్నాడు దళపతి.

“నేను.”

“నువ్వా!” అన్నాడు ఫీఫీ. వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా పలికింది. “అమ్మా, ఆ రోజు నన్ను చూసి... ఆ సీసా కొనడానికేనా వెళ్ళింది?”

“దానికే. మంచి సరుకు కొన్నాను. నువ్వు మీ మావయ్యకి పోసిన నీళ్ళ జిన్ను కాదు.”

నవ్వు అటు మూల మొదలై ఇటు మూలకొచ్చింది. ఫీఫీ నవ్వలేదు. తల వంచుకున్నాడు. అందరి కళ్ళూ ఒటూ మీదికి తిరిగాయి. ప్రశ్న ఆయన చెవిలో రెండుసార్లు అరవాల్సొచ్చింది.

“వాడు కాలేజీ అన్నాడో, కాలు జారి అన్నాడో, నాకు సరిగా వినపళ్ళేదు,” అన్నాడు ఒటూ నిదానంగా. “కానీ జిన్ను తాగాను. రెండుసార్లు తాగాను. ఎకువా చేత్తో పోసింది. తన కొడుకుకి నష్టమయ్యే అబద్ధం ఏ తల్లన్నా స్వంత డబ్బుతో సీసా కొని మరీ ఆడుతుందా? తోట కాలేజీదే. కాలేజీ ఎక్కడుందో అది మాస్టారు చూసుకుంటారు.”

డాడ్జీ మాస్టారి గొడుగు చేతిలోంచి జారిపోయింది.

ఫీఫీ చాలా రోజులు తల్లితో మాట్లాడలేదు. ఇంటికొచ్చి, కెంకే తిని, పళ్ళెం కడిగి పెట్టి వెళ్ళిపోయేవాడు. ఎకువా కూడా పలకరించలేదు. మిరపకాయల పచ్చడి మాత్రం వాడికి రెండింతలు వేసేది.

ఒక్క తోటతో కాలేజీ లేవలేదు. సార్జంటు ఇచ్చినదాన్ని చూసి సిగ్గుపడి రాజుగారు కోర్టులోంచి ఒక చెక్క భూమి బయటికి తీయించారు. చేపల పడవలవాళ్ళు ఒక్కో వలకీ ఇంతని వేసుకున్నారు. సర్కారు రేకులూ సిమెంటూ పంపింది. ఆ సిమెంటు మోయడానికి ఊళ్ళో ఉన్నది ఒక్కటే లారీ. ఫీఫీ మొదటి రోజు మొహం గంటు పెట్టుకుని మోశాడు. రెండో రోజు కూలివాళ్ళ మీద అరుస్తూ మోశాడు. గోడలు భుజాల దాకా లేచేసరికి, మా మావయ్య స్థలమని అందరికీ చెప్పుకుంటూ మోశాడు. చెట్లు తియ్యవలసిన రోజున వాడే టోపీ తీసి, ప్రతి చెట్టు ముందూ సెలవు మాట చెప్పి మరీ గొడ్డలి వేయించాడు. మూల చెట్టు జోలికి ఎవరూ పోలేదు.

కాలేజీ తెరిచారు. బోర్డు మీద సర్కారు ఏదో పొడుగాటి పేరు రాయించింది. ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. లారీలో పిల్లల్ని దింపుతూ ఫీఫీ ఒకరోజు, “సార్జంటు! సార్జంటు దగ్గర దిగేవాళ్ళు దిగండి!” అని అరిచాడు. ఆ కేకే నిలిచింది. కేప్ కోస్ట్ నుంచి వచ్చే లారీలన్నీ ఇప్పటికీ అలాగే అరుస్తాయి.

ఏడాది తిరిగాక వార్షికోత్సవం పెట్టారు. అక్రా నుంచి వచ్చిన కొత్త ప్రిన్సిపాలు ఎకువాని వేదిక మీద కూర్చోబెట్టి, “సార్జంటు గారి వీరత్వం గురించి నాలుగు మాటలు చెప్పండమ్మా,” అన్నారు.

ఎకువా లేచి నిలబడి ముందున్న కుర్రాళ్ళనీ అమ్మాయిల్నీ చూసింది. అమ్మాయిలు ఆరుగురు ఉన్నారు. ముందు వరసలో ఉన్నారు.

“యుద్ధంలో వాడేం చేశాడో నాకు తెలీదు. నేను వెళ్ళలేదు,” అంది. “ఇంట్లో మాత్రం వాడు పెద్ద సోమరి. పులుసు కోసం జబ్బుపడేవాడు. ఒకే తోటని నలుగురికిచ్చి నాలుగు సీసాలు తాగాడు.”

పిల్లలు పగలబడి నవ్వారు. ప్రిన్సిపాలు కుర్చీలో ఇటూ అటూ కదిలారు.

“నవ్వండి. వాడికి నవ్వితే ఇష్టం. మీకు రాత్రి పడుకోడానికి గది ఇరుకైతే నన్ను తిట్టుకోండి, ఆ కొలత వాడు నన్నడిగే వేశాడు. ఇంకా...” ఆవిడ ఆగింది. ఇంకేదో చెప్పాలనుకుంది. పిల్లల నవ్వు ఆగిపోయింది. ఎవరో ఒకమ్మాయి నీళ్ళ గ్లాసు పట్టుకుని లేచింది.

“నీళ్ళొద్దు,” అంది ఎకువా, పైట కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “గేటు దగ్గర నా కెంకే చల్లారిపోతోంది. తినేవాళ్ళు రండి. నిన్న రెండు ముద్దలు ఎత్తుకుపోయింది ఎవరో నాకు తెలుసు, వాళ్ళు ముందు రండి.”

ఆవిడ మెట్లు దిగి నడిచింది. ప్రిన్సిపాలు వందన సమర్పణ మొదలుపెట్టేసరికి సగం బెంచీలు ఖాళీ అయ్యాయి.